నడిమి ముక్క

నడిమి ముక్క ఇంకా దొరకలేదు.

రిషిత మంచం కింద చూసింది, కుట్టుమిషన్ వెనుక చూసింది, ఉతికిన బట్టల కుప్పంతా విప్పి మళ్లీ చూసింది. ఆమె తండ్రి ఎల్లన్న బయటికి పోయి తన ఆటో సీటు కింద కూడా వెతికి వచ్చాడు. బొంత ముక్క ఆటోలోకి ఎందుకు పోతుందని ఎవరూ అడగలేదు. అడిగేంత ఓపిక ఆ పొద్దున ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ముందుగది గచ్చు మీద మిగతా ముక్కలన్నీ వరుసలుగా పరిచి ఉన్నాయి. సరిగ్గా మధ్యలో ఒక్క చోట మాత్రం గచ్చు కనబడుతోంది. ఆ ఖాళీ ముందు చిన్నకోడలు దేవిక మోకాళ్ల మీద కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం తనే అన్నిటినీ ఎత్తి దొంతిగా మిషన్ మీద పెట్టానని, అప్పుడు నడిమిది అన్నిటికన్నా పైనే ఉందని చెప్పిన మాటే మళ్లీ చెప్పింది.

వెతకని మనిషి ఒక్కతే. గడప పక్కన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న బాలలక్ష్మి. ఆ ఇంటి పెద్దకోడలు, రిషిత తల్లి. ఆమె తల ఎత్తలేదు.

ముక్క ఎక్కడుందో ఆమెకు తెలుసు.

సోమవారం రిషిత హైదరాబాదు పోతుంది. నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. హాస్టలుకు పోయే కూతురికి మంచి బొంత కుట్టి ఇవ్వాలని బాలలక్ష్మికి మొదట్నుంచీ ఉంది. పెళ్లై వచ్చిన ఏడాదే అత్త దుర్గవ్వ పక్కన కూర్చుని ఆమె బొంత కుట్టడం నేర్చుకుంది. ఈ ఇంట్లో అందరూ పడుకునేది ఆమె కుట్టిన బొంతల మీదే. కానీ రిషిత వచ్చి అడిగింది తల్లిని కాదు, చిన్నమ్మను.

దేవిక కుట్టే తీరు వేరు. ఆమెది చిన్న మిషన్. నిండు బొంతను దాని సూది కిందికి తోయడం కుదరదు. అందుకని ఫోన్లో చూసి ఒక పద్ధతి పట్టుకుంది. ఒక్కో చదరపు ముక్కకూ పైన గుడ్డ, నడుమ పలుచటి దూది, కింద అస్తరు పెట్టి, దేనికది ముందే పూర్తిగా కుట్టేస్తుంది. అన్నీ తయారయ్యాక పట్టీలు వేసి ఒకదానికొకటి కలుపుతుంది. కలపడం అయిందంటే బొంత అయినట్టే.

గుడ్డలన్నీ ఇంట్లోవే. కన్నుమూసిన మామ ఇస్తారి అంగీ ఉంది అందులో. దుర్గవ్వ పాత నేతచీర ఉంది. ఎల్లన్న ఖాకీ చొక్కా, దేవిక భర్త డేవిడ్ గళ్ల లుంగీ, రిషిత బడికి వేసుకుపోయిన నీలం లంగా ఉన్నాయి. నడిమి ముక్క దేవిక ప్రధానం నాటి చీరది, నెమలికంఠం రంగు. బాలలక్ష్మి బట్ట ఒక్కటి కూడా లేదు. ఆమెను ఎవరూ అడగలేదు.

అంతవరకే అయితే ఓర్చుకునేదేమో. నిన్న సాయంత్రం ఆమె బీడీలు అప్పజెప్పి ఇంట్లో అడుగు పెట్టేసరికి, రిషిత ఆ నడిమి ముక్కను చెంపకు ఆనించుకుని ఉంది. ఎంత మెత్తగుందో చిన్నమ్మా అంటోంది. ఈ మధ్య ఆ పిల్ల చిన్నమ్మా అని పిలిస్తే బాలలక్ష్మికి చివరి సగమే వినబడుతోంది.

దాచాలని మాత్రమే అనుకుంది. పాడు చేయాలని కాదు. ఒక పూట వెతుక్కోనీ, కాళ్లరిగేలా తిరగనీ, అప్పుడు తీసి ఇవ్వొచ్చు అనుకుంది. చేతికి దగ్గరగా ఉన్నది బీడీలు చుట్టే తునికాకు సంచి. అందులోకి తోసింది.

ఇప్పుడు ఆ సంచి వైపే దుర్గవ్వ నడుస్తోంది.

వెతికి వెతికి విసుగొచ్చిన ముసలామె, కోడలికి కాస్త ఆకు కోసి పెడదామని కత్తెర పట్టుకుని గోనెసంచి ముందు కూర్చుంది. ఆకు తాను తీసిస్తానంటూ బాలలక్ష్మి చాట పక్కన పెట్టి లేవబోయింది. అప్పటికే దుర్గవ్వ చెయ్యి లోపలికి పోయింది. బయటికి వచ్చినప్పుడు ఆ చేతిలో ఆకు లేదు.

బీడీ ఆకు మెత్తబడటానికి నీళ్లు చల్లి ఉంచుతారు. రాత్రంతా ఆ తడిలో నానిన ముక్క బరువెక్కి వేలాడింది. నెమలికంఠం రంగు మీద పసరు గోధుమరంగు మరకలుగా దిగింది.

ఎల్లన్న భార్య వంక చూసి, కూతురి వంక చూసి, ఆటో తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు. అది ఆయన చేతిలోనే ఉంది.

"నువ్వేనా అమ్మా?" అంది రిషిత.

"నేనే."

"ఎందుకు?"

బాలలక్ష్మి చేతులకంటిన తంబాకు పొడిని కొంగుకు తుడుచుకుంది. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. కన్నది తానని, పాలిచ్చింది తానని, టైఫాయిడ్ వచ్చినప్పుడు దవాఖానలో నేల మీద పడుకుంది తానని. నోటికి వచ్చింది మాత్రం ఒకటే.

"ఇంట్ల అందరి బట్టలడిగిన్రు. సచ్చిపోయిన మీ తాత అంగీ గూడ దొరికింది మీకు. నా తాన ఒక్క చీర లేకుండెనా?"

దుర్గవ్వ తడి ముక్కను ఒళ్లో పరుచుకుని, వేళ్లతో పిండుతూ అంది. "అడిగితే నువ్వే ఇయ్యనన్నవంట గదనే. దేవిక చెప్పింది నాకు. నా చీరలు చింపుడెందుకు అన్నవంట."

బాలలక్ష్మి నెమ్మదిగా తల తిప్పి దేవికను చూసింది.

దేవిక ఆమె కళ్లలోకి చూడలేదు. గచ్చు మీది ముక్కల్లో ఒకదాని అంచు సవరించింది. అది సరిగానే ఉంది. మళ్లీ సవరించింది. రిషిత గోడవైపు తిరిగి నిలబడింది.

తనను ఎవరూ అడగలేదు. తాను ఎవరికీ లేదనలేదు. దేవిక అబద్ధం చెప్పింది.

ఆ ఒక్క మాట అప్పుడే అనేస్తే అయిపోయేది. ముక్క దాచిన తప్పు కన్నా ఆ అబద్ధం పెద్దదయ్యేది. కూతురు ఎవరి పక్కన వచ్చి నిలబడుతుందో అప్పటికప్పుడే తేలేది. బాలలక్ష్మి నోరు తెరిచింది. కానీ దేవిక మెడ మీద నరం కొట్టుకోవడం కనబడింది. తాను ఏం అంటుందోనని ఆమె ఎంత భయపడుతోందో తెలిసింది. ఈ ఇంట్లో దేవిక తనకు భయపడటం చూడటం ఇదే మొదలు. ఆ భయం ఇంకా కొన్నాళ్లు ఉంటే బాగుండుననిపించింది.

"అవును, అన్న," అంది బాలలక్ష్మి. "కోపంల అన్న. ఇప్పుడు ఇస్త అంటున్న. నడిమి ముక్క నా చీరతోని కుడత."

అది జాలి కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, దేవికకూ తెలుసు.

---

పెట్టె అడుగున ఉన్న చీరను బాలలక్ష్మి బయటికి తీసింది. రిషిత పుట్టినప్పుడు పుట్టింటివాళ్లు పెట్టిన గొల్లభామ చీర. కుంకుమ రంగు, అంచు మీద చల్లకుండ నెత్తిన పెట్టుకున్న భామలు వరుసగా ఉంటారు. పండుగకు కూడా కట్టకుండా దాచుకున్నది. దుర్గవ్వ చూసి, ఇంత మంచి చీర కోస్తావా అని ఆపబోయింది. కత్తెర అప్పటికే అంచులోకి దిగింది.

ఆమె మిషన్ జోలికి పోలేదు. గుడ్డ, దూది, అస్తరు పొరలుగా పెట్టుకుని, గడప పక్కన కూర్చుని చేతితోనే కుట్టింది. బీడీలు ఆ పూటకు మూలన పడ్డాయి. ఒక అంచు నుంచి ఇంకో అంచుకు, బియ్యపు గింజంత కుట్టు, వరుస పక్కన వరుస. ఆమె చేతికి అలవాటైన పని. దారం లాగి బిగించి కుట్టడం ఆమెకు మొదట్నుంచీ గర్వం. తన బొంతల్లో దూది జరగదని, పోగు ఊడదని అత్త పదిమందిలో చెప్పింది.

పొద్దు నడినెత్తికి వచ్చాక ముక్క తెచ్చి ఖాళీలో పెట్టింది.

అది సరిపోలేదు. బిగుతు కుట్టుకు గుడ్డ దగ్గరికి లాక్కుంది. నాలుగు వైపులా వేలి మందం సందు మిగిలింది.

దేవిక టేపు తెచ్చి కొలిచి, చుట్టూ సన్నటి పట్టీ ఒకటి అతికిస్తే సరిపోతుందని, చూడ్డానికి కూడా అందంగా ఉంటుందని మెల్లగా చెప్పింది.

"అతుకేసి పెడితే అతుకు లెక్కనే ఉంటది. నా ఒక్క ముక్కకే అతుకెందుకు? మిగిలినయే దీనంత కొయ్యి," అంది బాలలక్ష్మి.

"అన్నీ కొయ్యాలె అక్కా అట్లయితే."

"కొయ్యి మరి."

దేవిక గచ్చు మీది వరుసల వంక చూసింది. నెలరోజులుగా కంటి కింద నల్లచారలు వచ్చేదాకా కూర్చుని కుట్టిన ముక్కలు. ఒక్కొక్కటీ చుట్టూ వేలి మందం మేర తీసేయాలి. ఆమె వాదించలేదు. స్కేలు, పెద్ద కత్తెర తెచ్చుకుని మొదటి ముక్క తీసుకుంది. కోసిన అంచులు, దూదితో సహా, పక్కన కుప్పగా పడుతున్నాయి. మామ అంగీ కాలరు దగ్గర తాను వేసిన చిన్న పూవు సగం పోయింది. అప్పుడు మాత్రం పెదవి కరుచుకుంది.

బాలలక్ష్మి చూస్తూ కూర్చుంది. మొదట్లో చల్లగా అనిపించింది. ముక్క మీద ముక్క కోస్తూ పోతుంటే, ఆ చల్లదనం ఎక్కువసేపు నిలవలేదు. ఇంత అడ్డగోలు మాట తాను అంటే, దేవిక ఎందుకు తిరగబడటం లేదు? అబద్ధం బయటపడుతుందన్న భయమే ఇంత పని చేయిస్తుందా?

మధ్యాహ్నం తిండి తిన్నాక కలపడం మొదలుపెట్టారు.

దేవిక మిషన్ మీద. రెండు ముక్కల మధ్య పైవైపు ఒక పట్టీ, అడుగువైపు ఒక పట్టీ వేసి కుడుతుంది. పైది మిషన్‌తోనే అయిపోతుంది. అడుగుది మాత్రం మడిచి, సందు కప్పి, కుట్టు పైకి కనబడకుండా చేతితో వేయాలి. ఆ పని బాలలక్ష్మి ఎవరూ చెప్పకుండానే అందుకుంది. దేవిక ఒక వరుస కలిపి ఇటు ఇస్తే, ఆమె వెనుకవైపు కుట్టి అటు ఇస్తుంది. రిషిత పట్టీలకు ఇస్త్రీ చేసి అందిస్తోంది.

నీళ్ల బిందె కోసం రిషిత బయటికి పోయినప్పుడు బాలలక్ష్మి గొంతు తగ్గించి అడిగింది.

"ఎందుకట్ల చెప్పినవ్ అత్తకు?"

దేవిక చక్రం మీద చెయ్యి ఆపింది. "ఆమె అడిగింది గదక్కా, నీది ఎందుకు లేదని. ఏదో ఒకటి చెప్పాలె గదా."

"నన్ను అడగనే లేదని చెప్పొచ్చు."

"చెప్పొచ్చు," అంది దేవిక. అంతే అని మళ్లీ మిషన్ తొక్కింది.

ఆ జవాబు బాలలక్ష్మికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపికా లేదు. దేవికకు కడుపు నిలవలేదు, రిషితను మెల్లగా తనవైపు తిప్పుకుంటోంది, అందుకే తల్లి పేరు బొంతలో లేకుండా చూసింది. అంతకన్నా వేరే ఏముంటుంది? అలా అనుకుంటేనే సూది సాఫీగా నడిచింది.

---

పొద్దు వాలేవేళకు డేవిడ్ వచ్చాడు. పొద్దున్నే పోయినవాడు, చేతిలో జిలేబీ పొట్లం, ముఖం నిండా ఏదో చెప్పాలన్న తొందర. డీసీఎం లారీ మీద కిరాయిలకు తిరిగేవాడు. మేడ్చల్ దగ్గర ఒక గోడౌనులో నెలజీతానికి డ్రైవరు పని కుదిరిందని చెప్పాడు. రూం కూడా చూసి వచ్చాడు. అక్కడి నుంచి రిషిత కాలేజీకి ఒకటే బస్సు.

"రిషితకు హాస్టల్ ఎందుకు వదినె? మా తాననే ఉంటది. ఇంటి బువ్వ తింటది. దేవిక గూడ ఒక్కతే ఉండకుంటయితది," అన్నాడు.

దుర్గవ్వ మంచిదే కదా అంది. ఎల్లన్న జిలేబీ ముక్క నోట్లో పెట్టుకుని, ఆడపిల్ల తెలిసినవాళ్ల దగ్గర ఉంటే నిద్రపడుతుందని అన్నాడు. దేవిక ముఖం వెలిగింది. అది దాచుకోవడం ఆమెకు చేతకాలేదు.

రిషిత మాట్లాడలేదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నిలబడింది. ఆ మౌనం సంతోషమేనని బాలలక్ష్మికి అనిపించింది. నోటమాట రానంత సంతోషం.

ఒళ్లో బొంత ఉంది. దాదాపు అయిపోయింది. చివరి పట్టీ మాత్రం సగం కుట్టి సగం వదులుగా ఉంది. నడిమి ముక్క తనదే, చుట్టూ ఉన్నవన్నీ తన కోసం చిన్నవైనవే. అయినా పిల్ల పోతున్నది దేవిక వెంట. ఈ బొంత పరుచుకునేది దేవిక ఇంట్లో.

దాచుకున్న మాట ఇక ఆగలేదు.

"రిషితా, ఇటు సూడు. పొద్దుగాల నేను అబద్ధం చెప్పిన. మీ చిన్నమ్మ నన్ను చీర అడగలే. నేను ఇయ్యననలే. ఈమెనే పుట్టించి మీ బాపమ్మకు చెప్పింది. నా పేరు నీ బొంతల లేకుండ జేసింది. అసొంటి మనిషి తాన ఉంటవా?"

డేవిడ్ చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. భార్యను చూశాడు. ఆమె కాదంటుందేమోనని అందరూ చూశారు. దేవిక తల వంచుకుని, మిషన్ మీద పడ్డ దారపు పోగులు ఏరుతోంది.

"చెప్పిన బావా," అంది ఎల్లన్నతో. "అక్క అన్నది నిజమే."

"నిజం గాదు," అంది రిషిత.

ఆ పిల్ల తల్లి వైపు తిరిగింది.

"చిన్నమ్మ మొదలు నీ తానకే వస్తుండె, చీర అడుగుదామని. నేనే ఆపిన. అమ్మను అడగకు అన్న. బాపమ్మ అడిగినప్పుడు నా పేరు చెప్పలేక గట్ల చెప్పింది. పొద్దుగాల గూడ నేనే చెప్పాలె. భయమై ఊకున్న."

బాలలక్ష్మి తన చేతులు చూసుకుంది. వేళ్ల సందుల్లో ఏళ్లుగా దిగిన గోధుమరంగు. కడిగినా పోనిది.

"తంబాకు వాసనొస్తదనా?" అని అడిగింది. "హాస్టల్ల పిల్లలు నవ్వుతరనా?"

"వాసన గాదమ్మా," అంది రిషిత. "నీ చీర పెడితే గది నీ బొంతయితది. నేనేం తినాలె, ఏం కట్టాలె, ఎవలతోని మాట్లాడాలె, అన్నీ నువ్వే చెప్తవ్. నేను చిన్నమ్మ తాన కూసుంటే నీకు మంట. బాపమ్మ తాన కూసున్నా మంటనే. గీ ఒక్కటన్న నాది గావాలనుకున్న. ఇప్పుడు సూడు. నడుమ నీ చీరనే ఉంది. నీ ముక్క కోసం అందరియి కోయించినవ్."

ఎల్లన్న కూతురిని ఊరుకోమన్నాడు. ఆయన మాట ఎవరూ వినలేదు.

బాలలక్ష్మి కూతురి మీద కేకలేయాలనుకుంది. చెంప మీద ఒకటి వేయాలనుకుంది. చెయ్యి బొంత మీది నుంచి లేవలేదు. పొద్దుటి నుంచి దేవిక ఎందుకు నోరెత్తలేదో, స్కేలు పెట్టి ముక్కలన్నీ ఎందుకు కోసిందో ఇప్పుడు తెలిసింది. దేవిక భయం తన కోసం కాదు. రిషిత మాట తల్లి చెవిన పడుతుందనే.

అది తెలిశాక దేవిక మీద కోపం తగ్గాలి. ఇంకా పెరిగింది. తన బిడ్డ మనసులో మాట తనకన్నా ముందు ఆమెకు తెలుసు.

డేవిడ్ జిలేబీ పొట్లం పక్కన పెట్టాడు. రేపు ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే రూం ఓనరుకు ఏదో ఒకటి చెప్పాలన్నాడు. ఎప్పటిలాగే పెద్దకోడలి వైపు తిరిగాడు.

"ఏం చెప్పమంటవ్ వదినె?"

"నన్నెందుకు అడుగుతవ్? దాన్నడుగు."

అతను రిషిత వైపు తిరిగాడు. ఆ పిల్ల తల్లిని చూడలేదు, చిన్నమ్మనూ చూడలేదు. గచ్చు మీద ఇంకా పడి ఉన్న కోత అంచుల వంక చూస్తూ చెప్పింది.

"నాకు హాస్టలే గావాలె చిన్నబాపూ. ఎవల తాన ఉండ నేను."

దేవిక ముఖంలో వెలుగు ఆరిపోయింది. ఆమె కళ్లు ఒక్కసారి రిషిత మీదికి పోయి, అక్కడే నిలిచి, మెల్లగా తప్పుకున్నాయి. ఆ చూపు బాలలక్ష్మి ఎరిగిందే. నెల రోజులుగా గడప పక్కన కూర్చుని తాను చూసిన చూపు అది. ఇవాళ దేవిక ముఖంలో చూసి సంతోషపడాలి. సంతోషం రాలేదు.

"అయితే రూం వద్దని చెప్తనా?" అన్నాడు డేవిడ్.

దేవిక మిషన్ మూత వేసింది. దాని మీద రెండు చేతులూ పెట్టి, ఎవరి వంకా చూడకుండా అంది.

"వద్దనకు. తీసుకో. మనమే పోదాం. ఆ పిల్ల వచ్చినా రాకున్నా, నేనిక ఈ ఇంట్ల ఉండలేను."

దుర్గవ్వ మంచం మీద నుంచి దిగి నిలబడింది. రిషిత ఒక్కసారి వెక్కి, వాకిట్లోకి పోయింది. బాలలక్ష్మి వద్దు అనబోయింది. ఎవరిని వద్దనాలో ఆమెకు తెలియలేదు.